"ది హోల్ నైన్ యార్డ్స్": ఆ తొమ్మిది గజాలు నౌవారీ చీరవేనా?

మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలో ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ వైపు ఉండే తెలుగువాళ్లకు నౌవారీ చీర, అంటే మరాఠీవాళ్ల తొమ్మిది గజాల చీర, పరాయిది కాదు. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ మాట్లాడే ఊళ్లు ఇవి. గోచి పోసి కట్టే చీర మన పెద్దవాళ్లకూ ఉంది, పక్కింటి మరాఠీ ఆజీకీ ఉంది. అందుకే ఇక్కడ ఒక మాట తేలిగ్గా చెల్లుబాటు అవుతోంది. ఇంగ్లీషువాళ్లు "మొత్తం" అనడానికి "ది హోల్ నైన్ యార్డ్స్" అంటారు కదా, అది మన తొమ్మిది గజాల చీరను చూసి పుట్టిన మాటే అని. పెళ్లిళ్ల సీజన్‌లో ఇది వాట్సాప్‌లో తిరుగుతుంది. స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుల్లో పిల్లలకు నేర్పుతారు కూడా.

ఇది నిజం కాదు. వినడానికి బాగుందని వదిలేస్తే, పిల్లలు పరీక్షలో, ఇంటర్వ్యూలో అదే చెప్తారు. ఎందుకు కాదో చూపించే ఆధారాలు ఇప్పుడు పుష్కలంగా ఉన్నాయి. అవి చీర కథ కంటే ఆసక్తిగా ఉంటాయి కూడా.

ముందు అర్థం సంగతి. ఏదీ వదలకుండా, మొదటి నుంచి చివరిదాకా, ఉన్నదంతా అని దాని భావం. వాడుకలో మూడు రకాలుగా కనిపిస్తుంది. ఒక జాబితా చెప్పి చివర్లో తగిలించడం మొదటిది: బ్యాండు, బరాత్, గుర్రం, నాలుగు రకాల స్వీట్లు, ది హోల్ నైన్ యార్డ్స్. "ఇంకా ఉండాల్సినవన్నీ" అని ఇక్కడ అర్థం. "గివ్", "టెల్" లాంటి క్రియలతో వస్తే పూసగుచ్చినట్టు చెప్పడం. "గో ది హోల్ నైన్ యార్డ్స్" అంటే ఒక పనిని సగంలో ఆపకుండా చేయగలిగినంతా చేయడం. ముందు "ది" తప్పకుండా ఉండాలి, "యార్డ్స్" బహువచనంలోనే ఉండాలి. మనవాళ్లు తరచూ చేసే పొరపాటు దీన్ని ఆఫీసు దరఖాస్తులో, ప్రిన్సిపాల్‌కు రాసే లేఖలో పెట్టడం. ఇది మాటల్లో, స్నేహితుల మధ్య నడిచే నుడికారం, అమెరికా వాడుక. దరఖాస్తులో "ఆల్ ది డాక్యుమెంట్స్" అని మామూలుగా రాయడమే మేలు. ఇంకో పొరపాటు, దూరం చెప్పడానికి వాడటం. బస్టాండ్ నుంచి ఇంటిదాకా నడిచానని చెప్పడానికి ఇది పనికిరాదు. ఇందులో యార్డులున్నా కొలత లేదు.

ఇప్పుడు పుట్టుక. చాలాకాలం దీనికి దొరికిన పాత ఆధారాలన్నీ 1960లవే. 1964లో నాసా ఉద్యోగుల వాడుక మాటల మీద అమెరికా పత్రికల్లో వచ్చిన ఒక వ్యాసం ఈ మాటను పేర్కొంది. ఏదైనా ప్రాజెక్టు మీద ఒక్కో అంశం చొప్పున పూర్తి నివేదిక ఇవ్వడం అని అర్థం కూడా చెప్పింది. అంతకు ముందుది ఏదీ చేతిలో లేకపోవడంతో రెండో ప్రపంచ యుద్ధం, రాకెట్లు, లారీలు అంటూ ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. న్యూయార్క్ టైమ్స్‌లో భాష మీద కాలమ్ రాసిన విలియం సఫైర్ దీన్ని ఎన్నోసార్లు ఎత్తుకున్నారు, చివరికి ఇది కాంక్రీటు లారీ నుంచి పుట్టిందన్న కథ వైపు మొగ్గారు.

పాత పత్రికలు స్కాన్ అయి ఇంటర్నెట్‌లోకి వచ్చాక పరిస్థితి మారింది. కెంటకీ రాష్ట్రంలో వేట, చేపల పట్టు మీద వచ్చే ఒక పత్రికలో 1956 నాటి వాడుక దొరికింది. ఆ తర్వాత నార్త్ కరోలినాలో నాడీశాస్త్ర పరిశోధకురాలు బోనీ టేలర్-బ్లేక్, యేల్ న్యాయ గ్రంథాలయానికి చెందిన ఫ్రెడ్ షపీరో వెతికి తీసినవి మొత్తం చర్చనే తిప్పేశాయి. 1912లో కెంటకీలోని మౌంట్ వెర్నన్ సిగ్నల్ అనే చిన్న వారపత్రికలో ఈ మాట రెండుసార్లు వచ్చింది. అయితే అక్కడ ఉన్నది తొమ్మిది కాదు, ఆరు. రిపబ్లికన్ పార్టీలో రూజ్‌వెల్ట్, టాఫ్ట్ కొట్లాడుకుంటున్నారు, ఇంకాస్త వేడెక్కనివ్వండి, వాళ్లే "హోల్ సిక్స్ యార్డ్స్" చెప్పేస్తారు అని మే నెల సంచికలో. కొన్ని రోజులు ఊళ్లో లేక వార్తలన్నీ అందలేదు, వచ్చే సంచికలో "హోల్ సిక్స్ యార్డ్స్" ఇస్తాం అని జూన్ సంచికలో. 2012 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ ఈ సంగతిని వార్తగా వేసింది.

ఆ తర్వాత ఇంకా పాతవి బయటపడ్డాయి. ఇండియానా రాష్ట్రంలో మిచెల్ అనే చిన్న పట్టణం పత్రిక, మిచెల్ కమర్షియల్. 1907 మే నెలలో అది ఒక బేస్‌బాల్ ఆట గురించి రాసింది. ఊరి జట్టుకూ వ్యాపారులకూ పోటీ, వ్యాపారులు ఎన్ని ఇన్నింగ్స్ తట్టుకుంటే అన్ని ఆడతారు, కానీ "ఫుల్ నైన్ యార్డ్స్" ఉంటుందని మాట ఇవ్వలేం అని. 1908 జూన్‌లో అదే పత్రిక, చేపలు పట్టి వచ్చిన ఒకతని గురించి: అతని దగ్గర పెద్ద కథ ఉంది, మేం నిలబడి వినేది లేదు, ఎవరో అమాయకుడు దొరికినప్పుడు "హోల్ నైన్ యార్డ్స్" వినిపిస్తాడు అని.

ఈ రెండో వాక్యాన్ని కాస్త దగ్గరగా చూడండి. ఇందులో బట్ట లేదు, బండి లేదు, తుపాకీ లేదు. ఉన్నది సాగదీసి చెప్పే కథ. కెంటకీ వాక్యాలూ అంతే. ఒకటి గుట్టు విప్పడం గురించి, ఇంకొకటి వార్తలు పూర్తిగా ఇవ్వడం గురించి. అంటే ఇప్పటిదాకా దొరికిన తొలి వాడుకల్లో ఎక్కువ భాగం "ఉన్న విషయమంతా చెప్పడం" చుట్టూనే తిరుగుతున్నాయి. పైగా ఏ పత్రికా దాన్ని వివరించలేదు. పాఠకులకు అప్పటికే తెలిసిన మాట కాబట్టే వివరణ అవసరం పడలేదు. కాబట్టి పుట్టింది 1907 కంటే ముందే.

ఆరు, తొమ్మిది రెండూ నడిచాయన్నది ఇక్కడ అసలు కీలకం. ఈ మాటకు ఏదో ఒక నిర్దిష్ట వస్తువు పొడవు మూలమైతే, అంకె మారకూడదు. మారిందంటే అంకెకు పెద్ద పని లేదు, "ఇంత పొడుగు" అన్న భావానికే పని. ఇంగ్లీషులో ఇలా అంకెలు పెరగడం కొత్త కాదు. పట్టరాని ఆనందంలో ఉన్నవాణ్ణి "క్లౌడ్ నైన్" మీద ఉన్నాడంటారు. అది ఒకప్పుడు "క్లౌడ్ సెవెన్" అని కూడా నడిచింది, ఇప్పుడు తొమ్మిదే మిగిలింది. షపీరో ఈ పోలికనే చూపించారు. "ది హోల్" పక్కన ఏదో ఒకటి చేర్చి "మొత్తం" అనడం కూడా అమెరికన్లకు బాగా అలవాటు. హోల్ షెబాంగ్, హోల్ బాల్ ఆఫ్ వాక్స్, హోల్ ఎంచిలాడా, ఇలా చాలా ఉన్నాయి. వీటిలో మైనం ముద్ద ఎవరిది, ఎంత బరువు అని ఎవరూ అడగరు. యార్డుల దగ్గర మాత్రం అంకె కనిపించేసరికి అందరూ టేపు పట్టుకుంటారు.

ఎక్కువగా వినిపించే మిగతా కథలు ఈ తేదీల ముందు నిలవవు. యుద్ధ విమానంలో తూటాల బెల్టు 27 అడుగులు, అదంతా పేల్చేస్తే తొమ్మిది గజాలు అనేది ఒకటి. రైట్ సోదరుల విమానం ఎగిరిందే 1903లో. 1907లో ఇండియానా పల్లెలో ఎవరూ యుద్ధ విమానం ఎరగరు. కాంక్రీటు లారీలో తొమ్మిది ఘనపు గజాలు పడుతుందనేది ఇంకొకటి. ఘనపు గజం అంటే 27 ఘనపుటడుగులు, తొమ్మిదంటే దాదాపు 6.9 ఘనపు మీటర్లు. ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే ట్రాన్సిట్ మిక్సర్లు చూసి నమ్మబుద్ధి అవుతుంది కానీ, 1907లో తొట్టె తిప్పుకుంటూ వెళ్లే లారీలే లేవు. తెరచాప ఓడకు మూడు కొయ్యలు, కొయ్యకు మూడు అడ్డదూలాలు, వాటిని యార్డులంటారు, మొత్తం తొమ్మిది అనే వాదం లెక్కకు బాగానే కుదురుతుంది. కానీ ఓడలన్నిటికీ తొమ్మిదే ఉండవు, పైగా ఈ మాట దొరికిన ఇండియానా, కెంటకీ రెండింటికీ సముద్రమే లేదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో దాటాల్సింది పది గజాలు. తొమ్మిది దాటి ఆగితే పని పూర్తయినట్టే కాదు.

ఇక చీర. ఇక్కడ ఒక గట్టి ప్రశ్న ఉంది, దాన్ని దాటేయకూడదు. ఆరు గజాలు, తొమ్మిది గజాలు రెండూ చీరల కొలతలే కదా! సహావారీ, నౌవారీ రెండూ మన దుకాణాల్లో ఉన్నవే. కెంటకీలో ఆరు, ఇండియానాలో తొమ్మిది దొరకడం యాదృచ్ఛికమా?

అవును, యాదృచ్ఛికమే. చీర నుంచి వచ్చిందనాలంటే మధ్యలో ఒక దారి కనిపించాలి. ఇండియాలో పనిచేసిన ఇంగ్లీషువాళ్ల ఉత్తరాల్లోనో, బొంబాయి, మద్రాసు ఇంగ్లీషు పత్రికల్లోనో ఈ మాట "మొత్తం" అన్న అర్థంలో ముందు కనిపించి, లండన్‌కు చేరి, అక్కడి నుంచి అమెరికా వెళ్లాలి. అలా వెళ్లిన ఇండియా మాటలు ఉన్నాయి. బంగళా, పైజామా, షాంపూ అలా వెళ్లినవే, అడుగడుగునా వాటి ఆధారాలు ఉన్నాయి. ఈ మాటకు అలాంటి అడుగు ఒక్కటీ లేదు. జాడలన్నీ అమెరికా నడిబొడ్డున ఉన్న పల్లెపట్నాల్లో ఉన్నాయి. బ్రిటన్‌కు ఇది ఆ తర్వాత అమెరికా నుంచి చేరిన మాట.

అయితే బట్టతో అసలు ఏ సంబంధమూ లేదా అంటే, ఉండొచ్చు. యార్డు లెక్కన బట్ట కొనడం అమెరికా పల్లెల్లోనూ మామూలే. 1855లో ఇండియానాలోనే ఒక పత్రిక ఒక హాస్య కథ వేసింది. ఒక జడ్జిగారు మూడు చొక్కాలకు సరిపడా బట్ట తెమ్మంటే, కుట్టే ఆవిడ "హోల్ నైన్ యార్డ్స్" కలిపి ఒక్క చొక్కాకే వాడేసింది. అక్కడ అది అచ్చంగా తొమ్మిది గజాల గుడ్డే, నుడికారం కాదు. ఆ కథే దీనికి మూలమని చెప్పే ఆధారం లేదు. అయినా ఏదో ఒక వస్తువును ఎంచుకోవాల్సి వస్తే, లారీ కంటే, తూటాల బెల్టు కంటే అమెరికా కొట్లోని బట్ట తానుకే నేను ఎక్కువ మొగ్గుతాను. కనీసం కాలం, చోటు కుదురుతున్నాయి.

ఇలాంటి మాటల పుట్టుక మీరే వెతకాలనుకుంటే, అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం వాళ్ల పాత పత్రికల భాండారం, క్రానిక్లింగ్ అమెరికా, ఉచితంగానే దొరుకుతుంది. మొదట మాటను మొత్తంగా కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి. తర్వాత అంకె మార్చండి. చాలామంది ఇది చేయకపోవడం వల్లే "సిక్స్ యార్డ్స్" అన్నేళ్లు దాగి ఉంది. "హోల్" బదులు "ఫుల్" పెట్టి చూడండి. దొరికిన ప్రతిదాన్నీ అచ్చమైన కొలతా, నుడికారమా అని వేరు చేయండి. "తొమ్మిది గజాల సిల్కు కొన్నది" అనే వాక్యాలు కుప్పలుగా వస్తాయి, వాటితో పని లేదు. చివరిగా పేజీ బొమ్మ తెరిచి పత్రిక తలకట్టు మీది తేదీని కంటితో చూడాలి. అచ్చును అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ పాత అచ్చును తప్పుగా చదువుతుంది, సంపుటాల తేదీలు కూడా కొన్నిసార్లు తప్పుగా ఎక్కుతాయి. తేదీ తప్పైతే వాదమంతా కూలిపోతుంది.

చీర వాదానికి ఇంకో చిక్కు కొలతలోనే ఉంది. గజం అంటే 36 అంగుళాలు అని మనం అనుకునేది ఇంగ్లీషు యార్డు. అక్బరు కాలపు ఇలాహీ గజం దాదాపు 33 అంగుళాలు. ఆ లెక్కన తొమ్మిది గజాలంటే 297 అంగుళాలు, అంటే 7.54 మీటర్లు. ఇంగ్లీషు లెక్కన 324 అంగుళాలు, 8.23 మీటర్లు. తేడా దాదాపు 69 సెంటీమీటర్లు, ముప్పాతిక గజం. తెలుగులో చీర పాత కొలత మూర. పదహారు మూరల చీర, పద్దెనిమిది మూరల కోక అనే మాటలు ఇప్పటికీ పెద్దల నోట ఉన్నాయి. మూరకు 18 అంగుళాలు వేసుకుంటే పద్దెనిమిది మూరలు సరిగ్గా తొమ్మిది గజాలు, పదహారు మూరలు ఎనిమిది. మరాఠీలో చూస్తే, మనం ఆరు గజాలనే చీరనే సహావారీ అనీ పాచ్‌వారీ అనీ రెండు రకాలుగా అంటారు. మన దగ్గరే ఆ అంకెలు అంత వదులుగా ఉంటే, అవి అమెరికా వెళ్లి అచ్చుగుద్దినట్టు నిలబడ్డాయనడం కష్టం.

ఈ చీరకు ఇంగ్లీషు నుడికారం అండ అక్కర్లేదు. అంత పొడవు ఎందుకో కట్టు చూస్తేనే తెలుస్తుంది. లంగా లేకుండా, ఒకే గుడ్డతో రెండు కాళ్లకూ విడివిడిగా చుట్టు రావాలి. చీరను వెనక నుంచి నడుముకు చుట్టి, ముందు బొడ్డు దగ్గర పై అంచులతో గట్టి ముడి వేస్తారు. కట్టంతా ఆ ముడి మీదే నిలుస్తుంది. అది వదులైతే గంటలో అంతా జారుతుంది. ఒక కొంగు ఎదమీదుగా భుజం దాటి వెనక్కి వెళ్తుంది, దానికే రెండు మీటర్లకు పైగా పోతుంది. మిగిలినదాన్ని కుచ్చెళ్లు పోసి ముందు దోపి, కింది అంచును కాళ్ల మధ్య నుంచి వెనక్కి లాగి నడుము దగ్గర దోపుతారు. అదే కాష్టా, మన గోచి. ఆరు గజాలతో ఇదే కట్టు ప్రయత్నిస్తే పొడవు రెండు చోట్ల తగ్గుతుంది. పైట వెనక నడుము దాకా రాదు, కుచ్చెళ్లు పలచబడి కింద కూర్చున్నప్పుడు గోచి బిగుసుకుంటుంది. చీలమండ దాకా వస్తుందా రాదా అన్నది మాత్రం పొడవు మీద కాదు, పన్నా (బట్ట వెడల్పు) మీద ఆధారపడుతుంది. పొడుగ్గా ఉన్నవాళ్లు 45 అంగుళాల పన్నా తీసుకుని చీర పొట్టిగా ఉందంటే, ఇంకో గజం ఎక్కువ ఇచ్చినా లాభం లేదు. వాళ్లకు 47, 48 అంగుళాల పన్నా కావాలి.

కొనేటప్పుడు జరిగే గందరగోళమంతా గజానికీ మీటరుకూ మధ్యదే. తొమ్మిది గజాలంటే 8.23 మీటర్లు, కాబట్టి చీటీ మీద 8.25 అని ఉంటే సరైనదే. 8 మీటర్లకే నౌవారీ అని చీటీ కట్టి అమ్మేవీ ఉంటాయి. సన్నగా, పొట్టిగా ఉన్నవాళ్లకు అది సరిపోతుంది, మిగతావాళ్లకు పైట దగ్గర తేలిపోతుంది. ఆరు గజాల చీర 5.5 మీటర్లు, జాకెట్ గుడ్డతో కలిపితే 6.3 దాకా వస్తుంది. అందుకని నౌవారీ కొనేటప్పుడు జాకెట్ గుడ్డ ఆ 8.25లోనే ఉందా, విడిగానా అని అడగాలి. లోపలిదే అయితే 80 సెంటీమీటర్లు కత్తిరించాక మీ చేతికి మిగిలేది ఏడున్నర మీటర్లు. నూలు చీర మొదటి ఉతుకులో కుదించుకుపోతుంది కూడా. నూటికి మూడు వంతులు తగ్గినా 25 సెంటీమీటర్లు పోయినట్టే. కాబట్టి కుట్టిన నౌవారీ చేయించే ముందు నూలు చీరను ఒకసారి నీళ్లలో నానబెట్టి ఆరేసి, అప్పుడే దర్జీకి ఇవ్వండి. కుట్టాక కుదించుకుంటే నడుము పట్టీ దగ్గర లాగుతుంది, దాన్ని విప్పి సరిచేయడం కొత్తది కుట్టినంత పని. కొట్లో కొలిపించేటప్పుడు చీరను బల్ల మీద సాగదీయకుండా పరిచి, మీటరు బద్దతో ఎనిమిది సార్లు, ఆపైన ఒక జాన వచ్చిందా చూసుకోండి. బిల్లు మీద "నౌవారీ" అని కాకుండా మీటర్లలో రాయించుకుంటే, తక్కువ వచ్చినప్పుడు మార్పించుకోవడానికి కాగితం చేతిలో ఉంటుంది.